స్విచ్డ్ రిలక్టెన్స్ మోటార్: ముందు కొలతలు, తర్వాతే కంట్రోలర్

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఎంటెక్ ప్రాజెక్టుకి 8/6 స్విచ్డ్ రిలక్టెన్స్ మోటార్ (స్టేటర్‌కి 8 పోల్స్, రోటర్‌కి 6) తీసుకున్నానని రాశావు. చాలా సంతోషం తల్లీ. రోటర్‌లో అయస్కాంతం లేదు, వైండింగ్ లేదు, ఉత్త ఇనుప స్టాంపింగుల దొంతర. స్టేటర్ కాయిల్‌కి కరెంటిస్తే రోటర్ పోల్ దానికి ఎదురుగా వచ్చేలా లాగుతుంది, అంతే. 1842లో స్కాట్లాండులో రాబర్ట్ డేవిడ్‌సన్ బ్యాటరీలతో రైలింజన్ నడిపింది ఈ సూత్రం మీదే. కరెంటుని సరైన క్షణంలో ఆపే ఎలక్ట్రానిక్స్ ఆయనకి లేవు, నీకున్నాయి.

అయినా కంట్రోలర్ జోలికి అప్పుడే పోకు. కరెంటు వర్గాన్ని, రోటర్ కోణంతో ఇండక్టెన్స్ మారే రేటుతో గుణించి సగం చేస్తే టార్క్ అని చదువుకున్నావు. తక్కువ కరెంటులో అది సరిపోతుంది. లోడు మీద పోల్స్ ఎదురెదురుగా వచ్చేసరికి ఇనుము శాచురేట్ అవుతుంది, అంటే కరెంటు పెంచినా ఫ్లక్స్ పెద్దగా పెరగదు. అప్పుడు ఆ సూత్రం నిజంగా లేని టార్క్‌ని చూపిస్తుంది. కాబట్టి ఏ కోణంలో ఏ కరెంటుకి ఎంత ఫ్లక్స్ లింకేజీ (వైండింగ్ చుట్లన్నిటి గుండా పోయే ఫ్లక్స్ మొత్తం) ఉందో నువ్వే కొలుచుకో.

షాఫ్ట్‌ని ఇండెక్సింగ్ హెడ్‌కి (కోరిన కోణంలో తిప్పి కదలకుండా పట్టే సాధనం) బిగించు. పోల్స్ పూర్తిగా ఎడంగా ఉన్న చోటి నుంచి ఎదురెదురయ్యే చోటికి 30 డిగ్రీలు. డిగ్రీకోసారి ఆగి, ఒక ఫేజ్‌కి (ఎదురెదురు స్టేటర్ కాయిల్స్ జతకి) డీసీ పల్స్ ఇచ్చి, వోల్టేజి, కరెంటు రెండూ స్కోప్‌లో పట్టు. వోల్టేజి వైండింగ్ కొసల దగ్గరే కొలవాలి. అందులోంచి ఐఆర్ డ్రాప్ (కరెంటు × రెసిస్టెన్స్) తీసేసి ఇంటిగ్రేట్ చేస్తే ఫ్లక్స్ లింకేజీ వస్తుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. కరెంటు ప్రోబ్‌లో కాస్త ఆఫ్‌సెట్ ఉన్నా ఇంటిగ్రేషన్‌లో పేరుకుపోతుంది. వైండింగ్ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. అందుకని స్విచ్‌లు ఆపాక కూడా రికార్డింగ్ ఆపకు. కరెంటు సున్నాకి పడ్డప్పుడు ఫ్లక్స్ కూడా దాదాపు సున్నాకి రావాలి. రాకపోతే ఆ రీడింగ్ పక్కన పెట్టేయ్. మధ్య కోణాల్లో రోటర్‌ని గట్టిగా లాగుతుంది, బిగింపు జారిందేమో ప్రతిసారీ చూసుకో.

ఒక స్ట్రోక్‌లో (ఒక ఫేజ్ ఒకసారి ఆన్ అయి ఆగడం) ఫ్లక్స్-కరెంటు లూప్ వైశాల్యమే ఆ స్ట్రోక్ చేసిన పని. నీ మోటార్‌కి చుట్టుకి 24 స్ట్రోకులు. వైశాల్యాన్ని 24తో గుణించి 2πతో భాగిస్తే సగటు టార్క్. లోడు మీద కొలిచిన టార్క్‌తో అది కలిస్తే నీ మోడల్‌ని నమ్మొచ్చు.

కంట్రోల్ సంగతి. తక్కువ స్పీడులో హిస్టరెసిస్ చాపింగ్ చాలు, అంటే కరెంటు పై హద్దు దాటితే ఆపడం, కింది హద్దుకి పడితే మళ్లీ ఇవ్వడం. 1500 ఆర్పీఎం దగ్గర 15 డిగ్రీల స్ట్రోక్‌కి దొరికేది సుమారు 1.67 మిల్లీసెకన్లు. స్పీడు పెరిగేకొద్దీ బ్యాక్ ఈఎంఎఫ్ (తిరుగుడు వల్ల పుట్టే ఎదురు వోల్టేజి) వల్ల కరెంటు ఎక్కడం కష్టం, అందుకని ఇండక్టెన్స్ తక్కువగా ఉండగానే, కాస్త ముందే ఆన్ చేయాలి. ఆపడం మరీ ముఖ్యం. పోల్స్ ఎదురెదురయ్యేదాకా ఆగితే మిగిలిన కరెంటు రోటర్‌ని వెనక్కి లాగుతుంది. ఫేజ్‌కి రెండు స్విచ్‌లు, రెండు డయోడ్లు ఉండే అసిమెట్రిక్ బ్రిడ్జే వాడు, అక్కడ పొదుపు చూడకు. రొద ఎక్కువైతే రెండు స్విచ్‌లూ ఒకేసారి ఆపకుండా, ముందు ఒకటి ఆపి, కాసేపు ఫ్రీవీల్ కానిచ్చి (కరెంటుని సప్లైకి పోనీకుండా వైండింగ్‌లోనే తిరగనిచ్చి) రెండోది ఆపి చూడు.

పోల్స్ ఎడంగా ఉన్నప్పటి ఫ్లక్స్-కరెంటు కర్వు, ఎదురెదురుగా ఉన్నప్పటి కర్వు ఒకే గ్రాఫ్‌లో గీసి ముందు నాకు పంపు. కోడ్ తర్వాత చూద్దాం.

మీ మావయ్య