మరియా బామ్‌ఫర్డ్ ఆత్మకథ: చదవడం కంటే వినడమే మేలు

అమెరికన్ స్టాండప్ కమెడియన్ మరియా బామ్‌ఫర్డ్ ఆత్మకథ చదవాలా, ఆడియోబుక్ వినాలా, మనసు బాగోలేనివాళ్ళు వినొచ్చా అని అడిగారు. నేను విన్నాను. మీకూ వినమనే చెప్తాను.

2023లో వచ్చిన ‘ష్యూర్, ఐల్ జాయిన్ యువర్ కల్ట్’ అది. కల్ట్ అంటే చేరినవాళ్ళని గుడ్డిగా నమ్మించి కట్టిపడేసే గుంపు. ఆవిడే స్వయంగా చదివారు. స్టాండప్‌లో ఆవిడ బలమంతా గొంతులు మార్చడంలోనే ఉంది. ఇంట్లోవాళ్ళ మాటలు వట్టి అక్షరాల్లో కటువుగా అనిపించొచ్చు గానీ, ఆవిడ నోట వింటే వాటి వెనకున్న ప్రేమా కంగారూ తెలుస్తాయి.

నన్ను పట్టి కుదిపింది ఓసీడీ భాగం, అంటే వద్దన్నా అవే ఆలోచనలు పదేపదే వచ్చి పీడించే మానసిక సమస్య గురించి. ఓసీడీ అంటే మాటిమాటికీ చేతులు కడుక్కోవడమే అనుకుంటారు చాలామంది. ఆవిడని చిన్నప్పటి నుంచి పీడించింది వేరు: ఇంట్లోవాళ్ళకి తన చేతులతోనే హాని జరుగుతుందేమోనన్న భయం. నాకూ అదే. కూరగాయలు తరుగుతున్నప్పుడు అమ్మ పక్కకొస్తే చాలు, కత్తి సొరుగులో పడేసి, ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఎవరితో చెప్పుకోను? అలాంటిది ఒక మనిషి నలుగురూ వినేలా, తడబడకుండా ఆ ఆలోచనల గురించే చెబుతుంటే ఇయర్‌ఫోన్స్ తీయకుండా అలాగే కూర్చుండిపోయాను. ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఇలాంటి ఆలోచనలొచ్చేవాళ్ళు ఆ పని చేయాలని కోరుకోరు, ఎక్కడ జరుగుతుందోనని హడలిపోతారు, అంతే. భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, తప్పించుకుపోయే అలవాటు మానుకునే చికిత్స ఉంది, ఈఆర్‌పీ అంటారు. ఇప్పుడు అమ్మ పక్కనుండగానే తరుగుతున్నాను.

మిగతా పుస్తకం ఎక్కువగా తను చేరిన గుంపుల గురించి. సొంత కుటుంబం, నలుగురిలో మాట్లాడటం నేర్పే డేల్ కార్నెగీ క్లాసులు, అతిగా తినేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఓవర్‌ఈటర్స్ అనానిమస్, అప్పులపాలైనవాళ్ళ కోసం అలాంటిదే డెటర్స్ అనానిమస్, అన్నీ ఆవిడ లెక్కలో కల్ట్‌లే. ఆటపట్టిస్తూనే, అక్కడ తనకి దొరికిన ఆసరా గురించీ చెబుతారు. ఒక విషయంలోంచి ఇంకోదానిలోకి గెంతుతుంటారు కాబట్టి వేగం కాస్త తగ్గించి వినండి.

ఇక మీ రెండో ప్రశ్న. బైపోలార్ (మనసు మరీ ఉత్సాహానికీ మరీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు), మానసిక వైద్యం కోసం ఆసుపత్రిలో చేరడం, చచ్చిపోవాలనిపించిన రోజులు, ఏదీ దాచరు ఆవిడ. అందుకని డిప్రెషన్ బాగా ఉన్నప్పుడు రాత్రిపూట ఒంటరిగా వినొద్దు. పగలు, ఒక్కో అధ్యాయం చొప్పున, తర్వాత మాట్లాడటానికి ఎవరైనా ఉన్నప్పుడు వినండి. మీకే చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం పుస్తకం సంగతి తర్వాత, దగ్గరివాళ్ళకో డాక్టర్‌కో ఇవాళే చెప్పండి.