కోనసీమ తేమలో మెటల్ ఎల్‌పీ నిలుస్తుందా?

మీ ప్రశ్న ఇదీ: మెటల్ సంగీతం వాయించే ఫియర్ ఫ్యాక్టరీ బ్యాండు ‘డీమాన్యుఫ్యాక్చర్’ లాంటి ఆల్బమ్‌ని వినైల్ మీద, అంటే ప్లాస్టిక్ ఎల్‌పీ రికార్డుగా కొనడం దండగేనా, అమలాపురం తేమకి బూజు పట్టిపోతుందా అని.

దండగ కాదండి. కాకపోతే రెండు డిస్కుల ప్రింటే కొనండి. 1995 నాటి ఆ ఆల్బమ్ దాదాపు 55 నిమిషాలు. ఎల్‌పీకి ఒక్కో వైపు 20, 22 నిమిషాలైతే హాయిగా పడుతుంది. ఒకే డిస్కులో ఇరికిస్తే సూది నడిచే గాడి సన్నం చేయాలి, అంటే వాల్యూమ్ తగ్గించాలి, బేస్ కోయాలి. డీనో కజారెస్ గిటార్ మీద వేసే ప్రతి దెబ్బకీ కింద రేమండ్ హెరెరా డబుల్ కిక్ (రెండు కాళ్లతో వాయించే పెద్ద డ్రమ్ము) లెక్క తప్పకుండా పడుతుందే, ఆ ఆల్బమ్ ప్రాణమంతా అక్కడుంది. అది కోసేశాక మిగిలేదేంటి?

ఇంకో చిక్కుంది. డిస్కు అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లోపలికొచ్చేసరికి 21. అందుకే ప్రతి వైపూ చివరి పాటలో సింబల్స్ (డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్ళేలు) చెదిరినట్టు వినబడతాయి. మెత్తటి పాటల్లో పెద్దగా తెలియదు, ఇలాంటివాటిలో దొరికిపోతుంది. ఒక్క డిస్కే కావాలంటే స్ట్రాపింగ్ యంగ్ లాడ్ అనే బ్యాండు ‘సిటీ’ (1997) చూడండి. 39 నిమిషాలే, కోపం మాత్రం ఏమీ తక్కువ కాదు.

ఇక తేమ సంగతి. మాది భీమవరం దగ్గర, ఇంటి వెనకే రొయ్యల చెరువులు, కాబట్టి అనుభవంతోనే చెబుతున్నాను. తేమకి ప్లాస్టిక్‌కి ఏమీ కాదు. బూజు పట్టేది అట్టకీ, లోపలి కాగితం కవరుకీ. అక్కడినుంచి గాడిలోకి దిగుతుంది. ఓ శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. బయటి గోడకి ఆనించిన బీరువా తెరిస్తే నాలుగు రికార్డుల మీద తెల్లటి చుక్కలు. అప్పటినుంచి కాగితం కవర్లు తీసేసి ప్లాస్టిక్‌వి వేశాను, బీరువా లోపలి గోడ దగ్గరికి జరిపాను, రికార్డులన్నీ నిలువుగా పెడుతున్నాను. కలరా ఉండలు మాత్రం వేయకండి, ఆ వాసన అట్టని జన్మలో వదలదు.

బూజుకి డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడిచాను, పోయింది. ఆ ఊపులో తాతగారి పద్యాల ప్లేటు కూడా తుడిచాను. అది నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలం లక్క ప్లేటు, ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది. గుడ్డకి నల్లగా అంటుకునేదాకా నాకు ఆ విషయం తెలీదు. అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

డీమాన్యుఫ్యాక్చర్ మొదటిసారి పెట్టినప్పుడు వంటింట్లోంచి ఆవిడే కేకేసింది, “ఒరేయ్, చెరువులో ఏరేటర్ బేరింగ్ పోయినట్టుంది, చూసి రా!” అని. మధ్యలో కరెంటు పోతే ఇంకా తమాషా. ఆ అరుపు మెల్లగా బొంగురుపోయి, రేవులో లాంచీ ఇంజను ఆగినట్టు ఆగిపోతుంది. అలాంటప్పుడు వెంటనే సూది ఎత్తేయండి.

ఇంతకీ మీ ప్లేయర్ ఏది? పెట్టెలా మూసి పట్టుకెళ్ళే సూట్‌కేస్ మోడలైతే ఆల్బమ్ ఇప్పుడే కొనకండి. మామూలు కార్ట్రిడ్జ్ (సూది బిగించే ముక్క) రికార్డు మీద 2 గ్రాముల బరువు మోపితే చాలు. వీటిలో చాలావాటికి అంతకంటే బాగా ఎక్కువుంటుంది, తగ్గించుకునే మరా ఉండదు, గాడి అరిగిపోతుంది. మోడల్ పేరు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.