పళ్లెం గడియారానికి కన్నం వేస్తే పగులుతోందా?

విజయనగరం నుంచి అడిగినవారికి: పళ్లేన్ని గోడ గడియారంగా మార్చాలని గోడకు వేసే డ్రిల్లు బిట్టుతో నడుమ కన్నం వేయబోతే రెండు పింగాణీ పళ్లేలు పగిలాయన్నారు. పగలక ఏమవుతాయండీ! ఆ బిట్టు దెబ్బ కొడుతుంది, పింగాణీని అరగదీయాలి. 8 మి.మీ. డైమండ్ కోర్ బిట్ అడగండి, మధ్యలో బోలుగా గొట్టంలా ఉంటుంది. టెక్కలి వైపు గ్రానైట్ పనివాళ్లకు బాగా తెలిసిన సరుకే. గడియారం మిషన్‌కు ముళ్లు తగిలించే ఇరుసు మందం ముందు కొలుచుకోండి.

పళ్లేన్ని బోర్లించకండి, వెల్లకిలా పెట్టండి. అడుగున వలయం ఉండటం వల్ల అలా పెట్టినా నడుమ భాగం గాల్లో ఉంటుంది. దాని కింద తడి ఇసుక మూట సర్దండి. కన్నం పడాల్సిన చోట గుర్తు పెట్టి, దాని చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి చెంచాడు నీళ్లు పోయండి. డ్రిల్లు బ్యాటరీదైతే మేలు, తీగదైతే నీళ్లతో ప్రమాదం.

డ్రిల్లులో దెబ్బ కొట్టే హ్యామర్ మోడ్ ఆపేయాలి. బిట్టును ఏటవాలుగా ఆనించి, నెలవంకలాంటి గాడి పడ్డాక మెల్లగా నిలబెట్టండి. వేగం తక్కువే. తెల్లటి బురద వస్తుంటే సరిగ్గా సాగుతున్నట్టు. పొడి లేస్తే నీళ్లు చాలలేదు. చివరి మిల్లీమీటరులో చేతి బరువు పూర్తిగా తీసేయండి, అడుగున పెచ్చు లేచేది అక్కడే. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.