హబక్కూకు మొరను కొట్టేయకు

తమ్ముడికి ఆశీస్సులు.

బైబిలు పాత నిబంధనలోని చిన్న ప్రవక్తల మీద నువ్వు పంపిన వ్యాసాలన్నీ చదివాను. ఆమోసు మీద రాసింది బాగుంది. బేతేలు యాజకుడు అమజ్యా ‘యూదాకు పారిపో, అక్కడే బత్తెం సంపాదించుకో’ అని ఆ పసులకాపరిని తరిమే ఘట్టంలో నీ కలం తడబడలేదు. కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. ఆ సంగతి తరవాత చూద్దాం.

హబక్కూకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోపం వచ్చింది. అంజూరపు చెట్లు పూయకపోయినా ఆనందిస్తానన్న మాటతో వ్యాసం ఎత్తుకున్నావు. అది చివరి అధ్యాయంలో 17, 18 వచనాల్లోది. ముందున్న రెండు అధ్యాయాలూ ఏమయ్యాయి? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఒక్కో వచనం అచ్చేసి పంచే వాగ్దానపు కార్డుకైతే ఆ ముక్క చాలు. వ్యాసానికి చాలదు.

ఆ ప్రవక్త నోరు తెరిచిందే దేవుణ్ణి నిలదీయడానికి. బలాత్కారం జరుగుతోందని మొరపెడుతుంటే ఎన్నాళ్లు వినకుండా ఉంటావని అడిగాడు. కల్దీయులను, అంటే బబులోనువాళ్లను, రప్పిస్తున్నానని జవాబు వచ్చింది. ప్రవక్త సొంత దేశం యూదా చేసిన అన్యాయానికి తీర్పు తీర్చడానికి అంతకన్నా క్రూరులు రావాలా? హబక్కూకు ఊరుకోలేదు. దుర్మార్గుడు తనకంటే నీతిమంతుణ్ణి మింగేస్తుంటే ఎలా చూస్తావని మళ్లీ అడిగి, గోపురం మీద కావలి నిలబడ్డాడు. నీతిమంతుడు విశ్వాసంతో బతుకుతాడన్న మాట అక్కడ నిలబడ్డాకే దొరికింది. కల్దీయులు రానూ వచ్చారు, క్రీ.పూ. 586లో యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టారు.

నువ్వు ఎత్తి రాసిన వచనానికి సరిగ్గా పైన ఏముందో చూడు. పెదవులు వణుకుతున్నాయి, ఎముకలు కుళ్లిపోతున్నాయి అంటున్నాడు. వణికే ఆ పెదవులతోనే అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పొలం, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు అంటూ పోబోయేవాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆ వణుకు తీసేస్తే నీ ఆనందాన్ని ఎవరు నమ్ముతారు?

1977 దివిసీమ ఉప్పెన తరవాత నేనూ హబక్కూకు మీద ఒక వ్యాసం రాశాను. బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ల మధ్య తిరిగి వచ్చి రాసింది అది. ఒక క్రైస్తవ మాసపత్రిక సంపాదకుడు మొదటి రెండు అధ్యాయాల మీద రాసినదంతా ఎర్రసిరాతో కొట్టేసి, చివరి పేరా మాత్రం వేశాడు. విశ్వాసులు కలవరపడతారట! ‘ఎన్నాళ్లు’ అని అడిగే హక్కు ఆ తల్లులకు బైబిలే ఇచ్చింది. దాన్ని లాక్కోవడానికి ఆయనెవరు? ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. ఇప్పటి పత్రికలకూ ‘ప్రోత్సాహకరమైన’ రచనలే కావాలి. వాళ్ల కోసం రాయడం నేర్చుకోకు. దేవుడితో గట్టిగా వాదించినవాడి విశ్వాసమే నాకు విశ్వాసం.

శత్రువుల పట్టణం నీనెవెను దేవుడు క్షమించాడని అలిగిన యోనాను కూడా ఇలాగే మెత్తబరిచావు. చివర్లో అతను కన్నీళ్లతో మోకరించినట్టు రాశావు. గ్రంథంలో అలా లేదు. లక్షా 20 వేల మందికి పైగా మనుషులు, బోలెడు పశువులు ఉన్న నీనెవె మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. గ్రంథం అక్కడితో అయిపోతుంది. యోనా ఇవ్వని జవాబు నువ్వు ఇప్పించకు. ఆ పేరా కొట్టేయ్.

హబక్కూకు వ్యాసం మొదటి అధ్యాయం నుంచి తిరగరాసి పంపు. మిగతావాటి గురించి అది చదివాక రాస్తాను.

నీ మేలు కోరే
అన్న