ముందు నాకు పంపి అప్పుడు రాయి

చిన్నీ,

నీ బొమ్మల ప్రదర్శన గురించి, అందులో పెద్ద కాన్వాసు మీద "పడినా లేస్తా" అని జపనీస్‌లో రాయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత మురిసిపోయానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కుంచె, రంగుల గురించి నీకు నేను చెప్పేదేముంది? గీతలు ఏ వరసలో గీయాలో ఆ వరసలోనే గీయి, అంతే. నా టెన్షనంతా ఏ అక్షరాలు ఎంచుకుంటావోనని.

1994లో మీ పెదనాన్న ఉద్యోగం పుణ్యమా అని జపాన్‌లో, నగోయాలో ఉన్నాం. అత్తగారింటి నుంచి కొత్తగా బయటపడ్డ రోజులు (నవ్వకు). నవంబరు 3న అక్కడ సంస్కృతి దినం. మా పేట హాల్లో నా నీటిరంగుల బొమ్మలు పెట్టుకోమన్నారు. వాటి పైన "స్వేచ్ఛ" అని రాయాలనిపించింది. ఇంగ్లీషు డిక్షనరీలో "ఫ్రీ" వెతికి, ఎదురుగా కనబడ్డ రెండు కంజీలు (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) దించేశాను. వచ్చినవాళ్ళు చదివి, "నిజంగానా?" అని అడిగి, నడుం వంచి దణ్ణం పెడుతుంటే నా బొమ్మలు అంత నచ్చాయా అని పొంగిపోయాను. సాయంత్రానికి మూడు బొమ్మలు మాయం! నేను రాసింది "ముర్యో". డబ్బు కట్టక్కర్లేదు, ఊరికే తీసుకోండి అని.

ఒక్కరూ తప్పని చెప్పలేదే! మర్నాడు ఒక ముసలావిడ బొమ్మ వెనక్కి తెచ్చి, సంచీడు కమలాపళ్ళు చేతిలో పెట్టి, కాగితం మీద "జియూ" అని రాసిచ్చింది. స్వేచ్ఛకు వాళ్ళ మాట అది. మొదటి అక్షరం "తాను", రెండోది "కారణం". ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో నా పట్టుచీరల కింద ఉంది. వచ్చినప్పుడు చూద్దువుగాని.

కాబట్టి పిచ్చిపిల్లా, ఫోన్‌లో తెలుగు మాట కొట్టి వచ్చినదాన్ని ఎక్కించకు. నీ మాటకు వాళ్ళ దగ్గర సామెతే ఉంది, "నానకొరొబి యఒకి". ఏడుసార్లు పడి ఎనిమిదిసార్లు లేవడం. దాన్నే నాలుగు కంజీలకు కుదించి "షిచితెన్ హక్కి" అని కూడా అంటారు. చోటు చాలలేదని వాటిలో ఒక్కటి కూడా తీసెయ్యకు. 2019లో ఒక అమెరికా గాయని అరచేతిలో "ఏడు ఉంగరాలు" అని పచ్చబొట్టు పొడిపించుకుంటూ మధ్య అక్షరాలు వదిలేస్తే, అది కాస్తా బొగ్గుల కుంపటి అయి కూర్చుంది.

అన్నట్టు, నువ్వూ మణికట్టు మీద పొడిపించుకుంటావట? మీ అమ్మకు కోపం, నాకు భయం. కాన్వాసైతే తెల్లరంగు పూసేయొచ్చు. ముందు కాగితం మీద రాసి ఫొటో పంపు తల్లీ. నగోయాలో నా స్నేహితురాలికి చూపిస్తా. బాగుందా అని అడగను. ఇదేమిటో చదివి చెప్పమంటాను.

మీ పెద్దమ్మ