తండ్రి దోషం, పిల్లల భారం

ప్రశ్న: మా నాన్నగారు జూదానికి అలవాటుపడి చివరకు ఉన్న ఇల్లు కూడా పోగొట్టారు. ఆ రోజుల్లో అమ్మ పడిన బాధ మాటల్లో చెప్పలేను. తర్వాత ఆయన మారుమనస్సు పొంది, బాప్తిస్మం తీసుకుని, ఇప్పుడు సంఘంలో సాక్ష్యం చెబుతున్నారు. మేము పాత సంగతి ఎత్తితే, “దేవుడే క్షమించాడు, మీరింకా ఎందుకు తవ్వుతారు?” అంటారు. ఈలోగా మా తమ్ముడు కూడా జూదంలో పడ్డాడు. ఇది మా వంశానికి తగిలిన శాపమని, ప్రత్యేక ప్రార్థనలు చేయిస్తేనే విరుగుతుందని కొందరంటున్నారు. తండ్రి పాపానికి పిల్లలు శిక్ష అనుభవిస్తారా? నాన్నగారిని నేను క్షమించానో లేదో నాకే తెలియడం లేదు. — ఒక సోదరి

జవాబు: సోదరీ, ముందుగా శాపం మాట తేల్చుకుందాం, ఎందుకంటే ఆ భయం మీ మనసులో ఉన్నంతకాలం మిగతావేవీ మీకు స్పష్టంగా కనిపించవు. దేవుడు తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి రప్పిస్తాడని నిర్గమకాండము 20వ అధ్యాయంలో ఉన్నమాట నిజమే. అయితే అది తనను ద్వేషించేవారి విషయంలో అని ఆ వచనమే చెబుతోంది, తనను ప్రేమించేవారిని వెయ్యి తరాల వరకు కరుణిస్తానని వెంటనే తర్వాతి వచనం చెబుతోంది. మొదటి సగం చూపించి మిమ్మల్ని భయపెట్టినవారు రెండో సగం కూడా చదివి ఉండవలసింది. బబులోను చెరలో ఉన్న ప్రజలు, తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయని సామెత చెప్పుకుంటుంటే, ఇకమీదట ఆ సామెత పలకవద్దని, తండ్రి దోషశిక్షను కుమారుడు భరించడని యెహెజ్కేలు 18వ అధ్యాయంలో దేవుడు తేటగా సెలవిచ్చాడు. కోరహు మోషేకు ఎదురుతిరిగి నశించాడు, కాని అతని కుమారులు చావలేదని సంఖ్యాకాండము 26:11 ప్రత్యేకంగా చెబుతోంది. వారి సంతతివారి పేరుతో ఉన్న కీర్తనలను ఈనాటికీ మనం ఆరాధనలో చదువుకుంటున్నాం.

కాబట్టి మీ నాన్నగారి అపరాధం మీ లెక్కలో లేదు. తమ్ముడి మీదికి వచ్చింది అలవాటే గాని శాపం కాదు. ఇంట్లో చూసింది పిల్లవాడు నేర్చుకుంటాడు. చిన్నతనంలో చవిచూసిన భయాన్ని, అప్పులవాళ్ల మాటల్ని మరిచిపోవడానికి ఏదో ఒక దారి వెతుక్కుంటాడు. ఆ దారి తండ్రి నడిచినదే కావడంలో ఆశ్చర్యం లేదు. అయినా నడుస్తున్నది అతనే, తిరిగి రావలసినదీ అతనే. అతనికోసం తప్పక ప్రార్థించండి, దానితోపాటు వ్యసనాల విషయంలో అనుభవమున్న వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. అతని అప్పులు మాత్రం రహస్యంగా తీర్చకండి.

ఇక మీ నాన్నగారి మాట. దేవుడు క్షమించిన తర్వాత కూడా ఫలితాలు ఎందుకు మిగులుతాయన్న ప్రశ్నకు దావీదు రాజు ఇల్లే జవాబు. ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించిన దావీదుతో నాతాను ప్రవక్త ఒకే సంభాషణలో రెండు మాటలు చెప్పాడు: నీ పాపాన్ని యెహోవా పరిహరించాడు, నీ ఇంటిని ఖడ్గం విడిచిపోదు. మొదటిదాన్ని మనం ఇష్టంగా గుర్తుపెట్టుకుంటాం. రెండోది ఎలా నెరవేరిందో రెండవ సమూయేలు 13వ అధ్యాయం నుంచి నెమ్మదిగా చదవండి. కుమారుడైన అమ్నోను తన సవతి చెల్లెలు తామారును చెరిచాడని విన్నప్పుడు దావీదుకు బహు కోపం వచ్చిందని అక్కడ ఉంది, కాని ఆ కోపంతో ఆయన ఏం చేశాడో ఒక్క మాట కూడా లేదు. తామారు తన సొంత అన్న అబ్షాలోము ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయింది. అబ్షాలోము రెండేళ్లు మౌనంగా కాచుకుని, గొఱ్ఱెల బొచ్చు కత్తిరించే విందులో అమ్నోనును చంపించాడు. మూడేళ్లు పరదేశంలో ఉండి తిరిగి వచ్చాక కూడా, యెరూషలేములోనే ఉంటూ రెండేళ్లపాటు తండ్రి ముఖం చూడలేదు. ఆ తర్వాత వచ్చిందే తండ్రి మీద అతని తిరుగుబాటు.

దావీదు మౌనానికి కారణం లేఖనం చెప్పలేదు. నా అభిప్రాయం మాత్రం ఇది: పరుని భార్యను ఆశించిన తండ్రికి, కొడుకును నిలదీసే నోరు లేకపోయింది. దేవుని ముందు విరిగి నలిగిన హృదయంతో 51వ కీర్తన పాడిన దావీదు, తన పిల్లల ముందు కూర్చుని ఆ సంగతి మాట్లాడినట్టు ఎక్కడా కనిపించదు. సంఘంలో సాక్ష్యం చెప్పేవారందరూ ఆలోచించవలసిన విషయం ఇది. దేవుని దగ్గర పొందిన క్షమాపణను ఇంట్లోవారి నోరు మూయించడానికి వాడకూడదు. నష్టపోయినవారు మాట్లాడుతుంటే వినడం కూడా పశ్చాత్తాపంలో భాగమే. పన్నులు వసూలు చేసే జక్కయ్యను ఎవరూ లెక్క అడగలేదు. అయినా తానే నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అప్పుడు యేసు, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. మీ నాన్నగారు పోయిన ఇంటిని తిరిగి తేలేకపోవచ్చు. కాని మీ అమ్మగారి ఎదుట కూర్చుని ఏమేం పోగొట్టారో ఒక్కొక్కటిగా పేరుపెట్టి ఒప్పుకోవచ్చు, తన కొడుకును జూదం నుంచి రప్పించడానికి అందరికంటే ముందు తానే కదలవచ్చు. ఆ మాటను ఆయనకు గౌరవంగానే, కాని తప్పకుండా చెప్పండి.

మీరు క్షమించారా లేదా అన్న సందేహం గురించి. పగ తీర్చుకునే హక్కును దేవునికి వదిలిపెట్టి, నాన్నగారి మేలు కోరగలుగుతున్నారంటే మీరు క్షమించే దారిలోనే ఉన్నారు. బాధ తిరిగి తిరిగి రావడం క్షమించలేదనడానికి రుజువు కాదు. నమ్మకం వేరు, అది మెల్లగా వస్తుంది. అన్నలు బానిసగా అమ్మేసిన యోసేపు, ఏళ్ల తర్వాత వారిని చూడగానే గుర్తుపట్టాడు, కాని తన్ను తాను వెంటనే బయటపెట్టుకోలేదు. అతణ్ని అమ్మేద్దామని ఒకప్పుడు సలహా ఇచ్చిన యూదాయే, తమ్ముడైన బెన్యామీనుకు బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమని బ్రతిమాలినప్పుడు, యోసేపు ఇక ఆపుకోలేక ఎలుగెత్తి ఏడ్చాడు. ఆ తర్వాత కూడా, 17 ఏళ్లు గడిచి తండ్రి చనిపోయాక, అన్నలు మళ్లీ భయపడి క్షమాపణ వేడుకున్నారు. అంతకాలం పట్టే గాయాలు ఉంటాయి. మీరు తొందరపడనక్కరలేదు.

ప్రశ్న: నా భర్త తాగి వచ్చి కొడతారు, మర్నాడు కన్నీళ్లతో క్షమాపణ అడుగుతారు. డెబ్బది ఏళ్ల మారులు, అంటే లెక్కపెట్టకుండా ఎన్నిసార్లైనా, క్షమించాలని యేసు చెప్పాడు గనుక ఇల్లు విడిచి వెళ్లకూడదని పెద్దలు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మొదటి సమూయేలు 24వ అధ్యాయం చూడండి. తనను చంపడానికి వెంటాడిన సౌలు రాజు చేతికి చిక్కినా దావీదు అతనికి కీడు చేయలేదు. సౌలు బిగ్గరగా ఏడ్చి, నాకంటే నీవు నీతిమంతుడవని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత సౌలు తన ఇంటికి వెళ్లాడు, దావీదు అతనివెంట వెళ్లక కొండస్థలానికి వెళ్లాడు. క్షమించాడు, దూరంగానూ ఉన్నాడు. మీరూ, పిల్లలూ ముందు క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి. అవసరమైతే పోలీసులను ఆశ్రయించడం విశ్వాసానికి విరుద్ధం కాదు. ఆయన తాగుడు మాని, కొంతకాలం నిలబడి, ఆ మార్పును ఇతరులు కూడా గమనించిన తర్వాతే కలిసి ఉండే విషయం మాట్లాడవచ్చు. పెద్దలు ఒత్తిడి చేయవలసింది మిమ్మల్ని కాదు, ఆయనను.