అమ్మాయి లింగ్విస్టిక్స్ అంటోంది, నాన్న ఏఐ అంటున్నారు

గాజువాక నుంచి ఒక తండ్రి రాశారు. డిగ్రీ పూర్తవుతున్న కూతురు ఎంఏ లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రం, చేస్తానంటోందట, ఆయనేమో ద్వారకానగర్‌లో ఆరు నెలల ఏఐ కోర్సుకి అడ్వాన్స్ కట్టేశారట. 'రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. బస్సులో జనం మాటలు విని నోట్‌బుక్‌లో రాసుకుంటోంది, భయమేస్తోంది' అంటూ ఒక పేజీ ఫోటో కూడా పంపారు.

సార్, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, సబ్జెక్టు పేరే మారుతుంటుంది. మీరడిగింది పోలిక, అసలు టెన్షన్ మాత్రం చుట్టాలు అడిగితే ఏం చెప్పాలా అని.

ఆ పేజీ చదివాను. 'గుంట' అని రాసి, కింద 'అమ్మమ్మకి ఆడపిల్ల, విజయవాడ ఫ్రెండ్‌కి గొయ్యి, నాన్న ఇంట్లో అంటారు, ఆఫీసు ఫోన్లో అనరు' అని రాసింది. ఆ చివరి ముక్క ఉంది చూశారూ, ఎవరి ముందు ఏ మాట మింగేస్తాం, ఎందుకు మింగేస్తాం అన్నది, అదే సోషియోలింగ్విస్టిక్స్. పిల్ల మీ మీదే రీసెర్చ్ మొదలుపెడితే మీరు భయపడుతున్నారు! జనం మాట పట్టించుకోవడం పిచ్చేం కాదు: గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవర అనే గిరిజన భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు, ఆయన పుట్టినరోజునే ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం.

ఇక ఏఐ కోర్సు. నాకు నమ్మకం లేదు, మొహమాటం లేకుండా చెబుతున్నా. ఆరు నెలలు నేర్పిన టూల్స్ ఏడాదికల్లా పాతబడతాయి. అలాంటివి చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరు ఆడియో విని టైప్ చేస్తూ, వాక్యాలకి లేబుల్స్ పెడుతూ కాంట్రాక్టు మీద ఉన్నారు, ప్రాజెక్టు అయ్యాక ఫోన్ కూడా రాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్, భాషాశాస్త్రం కలిపి ఐదేళ్లు నేర్పుతారు. ఆరు నెలల్లో తేలేదైతే వాళ్లకి ఐదేళ్లెందుకండీ?

లింగ్విస్టిక్స్‌లో ఉద్యోగాలు తక్కువే, అబద్ధం చెప్పను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఉస్మానియాలోనో ఎంఏ చేసి, పక్కన పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే దారులు పెరుగుతాయి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టి పీహెచ్‌డీలో చేరితే నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. ఎంట్రన్సుల సంగతి మీకన్నా తనకే బాగా తెలుసు.

కట్టిన అడ్వాన్స్ వెనక్కిస్తారేమో అడగండి. తనకి చెప్పకుండా నోట్‌బుక్ ఫోటో తీశారు కదా, ఆ విషయం మీరే ముందు చెప్పేయండి, లేకపోతే అదీ రాసుకుంటుంది.